రెండో తెర

పుస్తకాల ప్రూఫులు దిద్దడం నా పని. రచయిత రాతప్రతి ఒక పక్క, కంపోజ్ అయి వచ్చిన పాఠం ఇంకో పక్క పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చాలి. కాగితాల మీద చేసినన్నాళ్ళూ ఇబ్బంది లేదు. బల్ల మీద రెండూ పరుచుకుని, ఎడమచేతి చూపుడువేలు రాతప్రతి మీద ఆనించి, కుడిచేత్తో ఎర్ర పెన్ను పట్టుకునేదాన్ని. పని 14 అంగుళాల ల్యాప్‌టాప్‌లోకి మారాక ఆ వేలు ఆనించే చోటు పోయింది. తెరను రెండుగా పంచితే ఒక్కో పేజీకి జానెడు వెడల్పు కూడా రాదు. పోనీ ఒకదాని మీద ఒకటి పెట్టి మార్చుకుంటూ చూద్దామంటే, ఇక్కడ చదివిన వాక్యాన్ని తలలో పెట్టుకుని అక్కడికి మోసుకుపోవాలి. రాతప్రతిలో ‘విధి’ అని చదివి ఇటు వచ్చేసరికి కంపోజింగ్‌లో ‘వీధి’ అని ఉంటుంది. కన్ను దాన్నీ ‘విధి’ అనే చదివేస్తుంది, తలలో అప్పటికే ఆ మాట కూర్చుని ఉంది కనుక. అలా నా చేతుల మీదుగా అచ్చుకెళ్ళిపోయిన తప్పులు కొన్ని ఇప్పటికీ నన్ను బాధపెడతాయి.

రెండో మానిటర్ పెట్టుకున్నాక నా వేగం పెద్దగా పెరగలేదు. తప్పులు తగ్గాయి. సాయంత్రానికి తల బరువెక్కడం తగ్గింది. ఒకటి చూస్తూ ఇంకొకటి రాయాల్సిన పని ఎవరిదైనా సరే, అనువాదం చేసేవాళ్ళు, బిల్లులు చూసి జీఎస్టీ లెక్కలు ఎక్కించేవాళ్ళు, ఆన్‌లైన్‌లో పాఠం చెబుతూ పిల్లల ముఖాలు కూడా చూడాలనుకునే టీచర్లు, వాళ్ళందరికీ ఇది అవసరమైన పనిముట్టు అని నా నమ్మకం. సాఫ్ట్‌వేర్ వాళ్ళ సరదా అనుకుని నేను ఏళ్ళ తరబడి దూరంగా ఉన్నాను.

చాలామందిని ఆపేది డబ్బు కాదు, వైర్ల భయం. ఏదో తప్పుగా పెడితే కాలిపోతుందేమో, ఉన్న ల్యాప్‌టాప్ కూడా పోతుందేమో అనుకుంటారు. ఎవరో ఒకరు వచ్చి పెట్టాలని ఎదురుచూసే పెద్దవాళ్ళను, ముఖ్యంగా ఆడవాళ్ళను, చాలామందిని చూశాను. వాళ్ళకు మొదట చెప్పాల్సిన మాట ఇది. బొమ్మ మోసే ఈ వైర్లలో షాక్ కొట్టేంత కరెంటు ఉండదు. ఏ వైరు ఏ రంధ్రంలో దూరాలో దాని ఆకారమే చెబుతుంది, వేరే దాంట్లో దూరదు. దూరనిదాన్ని బలవంతంగా నొక్కకపోతే చాలు, పాడయ్యేదేమీ లేదు.

ముందు ల్యాప్‌టాప్ పక్కలు చూడండి

మానిటర్ కొనడానికి వెళ్ళేముందు ల్యాప్‌టాప్‌ను వెలుతురులోకి తెచ్చి రెండు పక్కలా, వెనకా చూడండి. ఫోన్‌తో ఫొటోలు తీసుకుంటే ఇంకా మంచిది, దుకాణంలో మాటలతో వర్ణించే శ్రమ తప్పుతుంది.

పైన వెడల్పుగా ఉండి, కింది రెండు మూలలూ లోపలికి నొక్కినట్టు ఉన్న రంధ్రం హెచ్‌డీఎంఐ. 2002లో వచ్చిన ఈ పోర్టు టీవీల వెనక కూడా ఉంటుంది కనుక అందరికీ ఎరుకే. బొమ్మతోపాటు శబ్దాన్నీ మోస్తుంది. దాదాపు దాని అంతే ఉండి ఒక్క మూల మాత్రమే కోసినట్టు ఉంటే అది డిస్‌ప్లేపోర్ట్. ఆఫీసు కంప్యూటర్లలో, మానిటర్ల వెనక ఎక్కువగా కనిపిస్తుంది. దాని వైరుకు చాలావాటిల్లో చిన్న కొక్కెం ఉంటుంది. పైనున్న మీట నొక్కితేనే ఊడుతుంది, నొక్కకుండా లాగితే పోర్టు దెబ్బతినవచ్చు. నీలం రంగులో మూడు వరసల్లో 15 పిన్నులు, అటూ ఇటూ మరలు ఉంటే వీజీఏ. 1987లో ఐబీఎం తన పీఎస్/2 కంప్యూటర్లతో తెచ్చింది. కొత్త ల్యాప్‌టాప్‌లలో దాదాపు కనిపించదు కానీ బడుల్లో, కార్యాలయాల్లో పాత ప్రొజెక్టర్లు ఇంకా దానిమీదే నడుస్తున్నాయి.

నాలుగోది క్యాప్సూల్ మాత్ర ఆకారంలో ఉండే టైప్-సీ. దీని దగ్గర ఆగి మాట్లాడాలి, ఎందుకంటే నేను రెండు వారాలు పోగొట్టుకున్నది ఇక్కడే.

నా ల్యాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ లేదు. ఎడమ పక్కన ఒక టైప్-సీ, కుడి పక్కన ఒక టైప్-సీ, అంతే. టైప్-సీని హెచ్‌డీఎంఐగా మార్చే కన్వర్టర్ కొని తెచ్చాను. బల్ల ఎడమ పక్కే గోడవైపు ఉంది కనుక అటే పెట్టాను. మానిటర్ మీద ‘నో సిగ్నల్’. తిరిగి దుకాణానికి వెళ్తే, “కన్వర్టర్ పోయినట్టుందమ్మా, ఇంకోటి తీసుకెళ్ళండి” అన్నారు. రెండోదీ అంతే. మానిటర్ పాడైందేమోనని దాన్ని ఆటోలో పెట్టుకుని వెళ్ళాను. అక్కడ వేరే కంప్యూటర్‌కు పెడితే చక్కగా వెలిగింది. చివరికి ఒక రాత్రి ల్యాప్‌టాప్ కింద అతికించిన మోడల్ నంబరు చూసి, కంపెనీ సైటులో దాని వివరాలు తెరిచి మొదటిసారి పూర్తిగా చదివాను. ఎడమ టైప్-సీ: చార్జింగు, డేటా. కుడి టైప్-సీ: చార్జింగు, డేటా, డిస్‌ప్లే. వైరు తీసి కుడి పక్కన పెట్టగానే మానిటర్ వెలిగింది.

టైప్-సీ అనేది రంధ్రం ఆకారానికి పేరు. అందులో 24 పిన్నులుంటాయి. వాటిగుండా ఏం పంపాలన్నది ల్యాప్‌టాప్ తయారుచేసినవాళ్ళ ఇష్టం. కొన్ని చార్జింగు, ఫైళ్ళు మాత్రమే పంపుతాయి. కొన్ని బొమ్మ కూడా పంపుతాయి, దాన్ని డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అంటారు. పోర్టు పక్కన మెరుపు గీత ఉండి అది థండర్‌బోల్ట్ గుర్తయితే బొమ్మ వస్తుంది. అయితే చార్జింగు సూచించడానికీ కొందరు అలాంటి మెరుపు గుర్తే వేస్తారు. అందుకే గుర్తులను చూసి డబ్బు ఖర్చుపెట్టకండి. మోడల్ నంబరుతో వివరాల పేజీ తెరిచి, టైప్-సీ అన్నచోట ‘డిస్‌ప్లే’ అన్న మాట ఉందో లేదో మీ కళ్ళతో చదవండి. ఐదు నిమిషాల పని.

వైరు విషయంలోనూ అదే జాగ్రత్త. ఫోన్ చార్జరుతో వచ్చిన టైప్-సీ వైరు చూడ్డానికి మానిటర్ వైరులాగే ఉంటుంది. లోపల బొమ్మ మోసే తీగలు చాలావాటిల్లో ఉండవు. మానిటర్ పెట్టెలో వచ్చిన వైరే వాడండి. దానికి దారం కట్టో, స్టిక్కరు అతికించో గుర్తు పెట్టుకోండి, ఇంట్లో ఎవరో ఒకరు ఫోన్ చార్జింగుకు పట్టుకుపోతారు.

మార్చే వైర్లకు దిక్కు ఉంటుందన్న సంగతి కూడా దుకాణాల్లో సరిగా చెప్పరు. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే వైరు ల్యాప్‌టాప్ వైపు డిస్‌ప్లేపోర్ట్, మానిటర్ వైపు హెచ్‌డీఎంఐ ఉన్నప్పుడే పనిచేస్తుంది. తిరగేసి పెడితే పనిచేయదు. అడిగేటప్పుడు ‘కంప్యూటర్ వైపు ఇది, మానిటర్ వైపు ఇది’ అని విడివిడిగా చెప్పండి.

కాలవ ఎంత నిండినా తూము ఎంతో అంత

మాది కృష్ణా కాలవ కింది ఊరు. కాలవ నిండా నీళ్ళున్నా చేలోకి వచ్చేది తూము వెడల్పును బట్టే. బొమ్మ కూడా ల్యాప్‌టాప్ పోర్టు, కన్వర్టర్, వైరు, మానిటర్ పోర్టు దాటుకుని వస్తుంది. వాటిలో ఏది ఇరుకైతే బొమ్మ అంతవరకే వస్తుంది.

తెర మీద చుక్కలు లెక్కపెడితే ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది. ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. మొత్తం 20 లక్షల పైచిలుకు. 4కె తెరలో 3840, 2160. మొత్తం 82 లక్షల పైచిలుకు, సరిగ్గా నాలుగింతలు. వీటన్నిటినీ సెకనుకు 60 సార్లు కొత్తగా పంపాలి. ఫుల్ హెచ్‌డీకి సెకనుకు సుమారు 3 గిగాబిట్లు సరిపోతే, 4కెకి సుమారు 12 కావాలి. 2009 నాటి హెచ్‌డీఎంఐ 1.4 మోయగలిగేది 10.2. అందుకే 4కె బొమ్మను అది సెకనుకు 30 సార్లే పంపగలుగుతుంది. 2013లో వచ్చిన 2.0 రకం 18 వరకు, 2017లో వచ్చిన 2.1 రకం 48 వరకు మోస్తాయి.

పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేసే కుర్రాడొకడు మా వీధిలో ఉన్నాడు. కష్టపడి 27 అంగుళాల 4కె మానిటర్ కొనుక్కున్నాడు. వారం తిరక్కుండానే వచ్చి, “అక్కా, మౌస్ బాణం గెంతుతోంది. జరిపిన చోటికి కాస్త ఆగి వస్తోంది. మానిటర్ తిరిగిచ్చేయనా?” అన్నాడు. వెళ్ళి చూశాను. విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, దాని కింద అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిస్తే రిఫ్రెష్ రేటు 30 అని ఉంది. 60కి మారుద్దామంటే ఆ అంకె అక్కడ లేనే లేదు. ల్యాప్‌టాప్‌కూ మానిటర్‌కూ మధ్య అతను పెట్టిన కన్వర్టర్ పెట్టె మీద చిన్న అక్షరాల్లో ‘4కె 30 హెర్ట్జ్’ అని రాసి ఉంది. 60 అని రాసినది తెచ్చి పెట్టగానే బాణం నీళ్ళలో చేపలా కదిలింది. అంత మంచి మానిటర్‌ను ఆ చిన్న ముక్క కోసం తిరిగిచ్చేసేవాడు.

కనుక 4కె తీసుకునేవాళ్ళు హెచ్‌డీఎంఐ వైరు మీద ‘ప్రీమియం హై స్పీడ్’ అన్న మాట చూసుకోవాలి. ‘అల్ట్రా హై స్పీడ్’ అంటే 48 గిగాబిట్లది, ఇంకా నయం. ఫుల్ హెచ్‌డీకి ఈ గొడవేమీ లేదు, మామూలు వైరు చాలు. బల్ల మీదికి ఒకటిన్నర, రెండు మీటర్ల వైరు సరిపోతుంది. ఎందుకైనా మంచిదని పది మీటర్లు కొనకండి, పొడవు పెరిగేకొద్దీ బొమ్మ చెదిరే అవకాశం ఎక్కువ.

మన అక్షరాలకు ఎంత తెర కావాలి

ఇంగ్లిష్‌లో రాసే మానిటర్ సలహాలు మన లిపిని దృష్టిలో పెట్టుకోవు. వాళ్ళ అక్షరం ఒక వరసలో నడుస్తుంది. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. ‘రాష్ట్రం’ అన్న మాటలో ష కింద ట ఒత్తు, ర ఒత్తు రెండూ ఇమడాలి. ద, ధ, థ మధ్య తేడా చిన్న గీత, చిన్న చుక్క. గుడికీ గుడిదీర్ఘానికీ మధ్య తేడా చిటికెన వేలి గోరులో పదోవంతు ఉండదు. ప, వ, ష ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. తెర మీద చుక్కలు పలచగా ఉంటే మొదట చెరిగిపోయేవి ఇవే.

పరిమాణంతోపాటు అంగుళానికి ఎన్ని చుక్కలన్నది చూడాలి. 14 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ల్యాప్‌టాప్‌లో అంగుళానికి సుమారు 157 చుక్కలు. అవే చుక్కలను 24 అంగుళాల మానిటర్ మీద పరిస్తే 92. 27 అంగుళాల మీద పరిస్తే 82కి పడిపోతుంది. అందుకే ల్యాప్‌టాప్ మీద సూదిమొనలా కనిపించిన ఒత్తు, పెద్ద మానిటర్‌లో ముద్దగా కనిపిస్తుంది. పెద్ద తెర కొన్నాం కదా, అక్షరం ఇంకా బాగుండాలి కదా అని చాలామంది నిరాశపడతారు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. తెలుగు చదివే, రాసే పనికి 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ కొనకండి. చేతిలో డబ్బు తక్కువుంటే 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తీసుకుని అక్షరం సైజు పెంచుకోండి, పని చక్కగా జరుగుతుంది. ఇంకొంచెం పెట్టగలిగితే 27 అంగుళాల్లో 2560, 1440 చుక్కలది. అంగుళానికి సుమారు 109 వస్తాయి. రోజంతా అక్షరాలతోనే బతికేవాళ్ళకు 27 అంగుళాల 4కె. అంగుళానికి 163. నేను మూడేళ్ళు 24 అంగుళాలదానితో గడిపి తర్వాత ఇందులోకి వచ్చాను. థ లో చుక్క కోసం ముందుకు వంగి చూసే అలవాటు అప్పుడు పోయింది.

4కె పెట్టగానే అక్షరాలు ఆవగింజల్లా కనిపిస్తాయి. కంగారు పడకండి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేల్ అని ఉంటుంది. దాన్ని 150 శాతం చేయండి. అందరూ చేసే పొరపాటు ఏమిటంటే, అక్షరం పెద్దది కావాలని రిజల్యూషన్ తగ్గిస్తారు. అప్పుడు అక్షరం పెద్దదవుతుంది కానీ మసకబారుతుంది, కొన్న చుక్కలన్నీ వృథా. రిజల్యూషన్ దగ్గర ‘రికమెండెడ్’ అని రాసినదాన్ని కదపకండి, స్కేల్ మాత్రమే మార్చండి. రెండు తెరలకూ వేర్వేరు స్కేల్ పెట్టుకోవచ్చు. ఒక దాన్నుంచి ఇంకోదానికి కిటికీ (విండో) జరిపినప్పుడు అక్షరం ఇంచుమించు ఒకే పరిమాణంలో కనిపించేలా సరిచేసుకుంటే కంటికి హాయి. విండోస్‌లో అడ్జస్ట్ క్లియర్‌టైప్ టెక్స్ట్ అని వెతికితే నాలుగైదు నమూనాలు చూపించి ఏది స్పష్టంగా ఉందో అడుగుతుంది. కొత్త మానిటర్ పెట్టిన రోజే ఆ పని చేసేయండి.

కలిపే రోజు

మానిటర్‌ను స్టాండుకు బిగించేటప్పుడు తెరను బల్ల మీద నేరుగా బోర్లించకండి. మంచం మీద దుప్పటి పరిచి దానిమీద బోర్లించండి. తెర మధ్యలో వేళ్ళతో ఒత్తకండి, అంచులు పట్టుకోండి.

ప్లగ్గుల సంగతి మన ఇళ్ళలో ముఖ్యం. ల్యాప్‌టాప్ చార్జరు, మానిటర్ రెండూ ఒకే బోర్డులో, ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్లలో పెట్టండి. మూడో పిన్ను పట్టడం లేదని విరగ్గొట్టడం మాత్రం వద్దు. లోహపు ఒళ్ళున్న ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెడితే జివ్వుమంటుంటే ఆ ఇంట్లో ఎర్తింగ్ చూపించాల్సిన పని ఉందన్నమాట. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, మానిటర్ రేపు పెట్టుకోవచ్చు. 24 అంగుళాల ఎల్‌ఈడీ మానిటర్ 20, 30 వాట్ల దగ్గరే తాగుతుంది కనుక ఇంటి ఇన్వర్టర్‌కు భారం కాదు. ఉరుములతో వాన పట్టినప్పుడు స్విచ్ కట్టడం కాదు, ప్లగ్గే తీసేయండి.

వైరు రెండు చివర్లూ పెట్టి, మానిటర్ ఆన్ చేయండి. కీబోర్డు మీద విండోస్ బటన్ పట్టుకుని పి నొక్కండి. నాలుగు మాటలు వస్తాయి. ‘పీసీ స్క్రీన్ ఓన్లీ’ అంటే ల్యాప్‌టాప్ మాత్రమే. ‘డూప్లికేట్’ అంటే రెండింటిలోనూ ఒకే బొమ్మ. ‘ఎక్స్‌టెండ్’ అంటే రెండు తెరలూ కలిసి ఒకే పెద్ద బల్ల. ‘సెకండ్ స్క్రీన్ ఓన్లీ’ అంటే బయటిది మాత్రమే. మనకు కావాల్సింది ఎక్స్‌టెండ్. డూప్లికేట్ దగ్గర ఆగిపోయి, రెండు తెరల్లోనూ ఒకటే కనిపిస్తుంటే దీనివల్ల ఉపయోగమేమిటని మానిటర్ మూలన పడేసినవాళ్ళను నేనెరుగుదును. టీచర్లు ప్రొజెక్టర్‌కు కలిపేటప్పుడు కూడా ఎక్స్‌టెండ్ వాడటం నేర్చుకుంటే మంచిది. పాఠం మాత్రమే గోడ మీద పడుతుంది, మీకొచ్చే వాట్సాప్ సందేశాలు తరగతి మొత్తానికీ కనిపించవు.

తర్వాత డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్తే 1, 2 అని రెండు పెట్టెలు ఉంటాయి. ‘ఐడెంటిఫై’ నొక్కితే ఏది ఏదో తెరల మీదే అంకెలు పడతాయి. బల్ల మీద మానిటర్ మీకు ఎడమ పక్కన ఉంటే, ఆ పెట్టెనూ మౌస్‌తో పట్టుకుని ఎడమ పక్కకు జరపండి. ఇది చేయకపోతే బాణం ఎడమకు తోసినప్పుడు గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోతుంది, కుడికి తోస్తే ఎడమ తెరలో తేలుతుంది. ఎత్తు కూడా సరిచూసుకోండి, బల్ల మీద ల్యాప్‌టాప్ కిందికి ఉంటే పెట్టెనూ కిందికి లాగండి. ఎక్కువ చూసే తెరను ఎంచుకుని, ‘మేక్ దిస్ మై మెయిన్ డిస్‌ప్లే’ దగ్గర టిక్కు పెట్టండి. కిటికీని ఒక తెర నుంచి ఇంకో తెరకు పంపాలంటే విండోస్, షిఫ్ట్ బటన్లు పట్టుకుని బాణం కీ నొక్కితే చాలు. నా చెయ్యి రోజుకు వందసార్లు ఆ పని చేస్తుంది.

ఇదంతా అయ్యాక పాట పెడితే శబ్దం రాకపోవచ్చు. హెచ్‌డీఎంఐ శబ్దాన్ని కూడా మానిటర్‌కే పంపేసి ఉంటుంది, చాలా మానిటర్లకేమో స్పీకర్లు ఉండవు. కింద కుడిమూల స్పీకరు గుర్తు నొక్కి ల్యాప్‌టాప్ స్పీకర్లను ఎంచుకోండి.

బొమ్మ రాకపోతే

అన్నీ ఒకేసారి మార్చకండి. ఒక్కొక్కటి మార్చి చూడండి. నా రెండు వారాల పాట్లలో నేను నేర్చుకున్నది ఇదే. కన్వర్టర్ మార్చాను, మానిటర్ మోసుకెళ్ళాను కానీ వైరును పక్క పోర్టులో పెట్టి చూడలేదు.

మానిటర్ దీపం వెలుగుతోందా? లేకపోతే కరెంటు వైరు. వెలుగుతూ ‘నో సిగ్నల్’ అంటుంటే మానిటర్ తప్పు పోర్టు వైపు చూస్తోందేమో. మానిటర్ కింద బటన్లతో మెనూ తెరిచి ‘ఇన్‌పుట్’ లేదా ‘సోర్స్’ దగ్గర మీరు వైరు పెట్టినదాన్నే, హెచ్‌డీఎంఐ 1 అయితే 1నే, ఎంచుకోండి. నేను వెళ్ళి చూసిన ఇళ్ళలో సగానికి పైగా ఇక్కడే తేలిపోయింది. కాకపోతే వైరు రెండు చివర్లూ ఊడదీసి మళ్ళీ గట్టిగా పెట్టండి. ఆ తర్వాత మానిటర్‌లో ఇంకో పోర్టు, తర్వాత ఇంకో వైరు, తర్వాత ఇదే వైరుతో ఇంట్లో టీవీ. టీవీలో బొమ్మ వస్తే ల్యాప్‌టాప్, వైరు రెండూ బాగున్నట్టే, దోషం మానిటర్ వైపుది. రాకపోతే ఇటువైపుది. బల్ల కింద పెట్టె ఉండే డెస్క్‌టాప్ కంప్యూటర్ అయితే వెనక చూడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే దాని పోర్టులు కింద అడ్డంగా వరసగా ఉంటాయి. వైరు అక్కడ పెట్టాలి, పైన మదర్‌బోర్డు పోర్టులో కాదు.

ఉన్నట్టుండి తెర నల్లబడితే విండోస్, కంట్రోల్, షిఫ్ట్ మూడూ పట్టుకుని బి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవరు మళ్ళీ మొదలవుతుంది. తెరిచి ఉన్న ఫైళ్ళు పోవు.

ఇంకో రెండు మూడు సంగతులు. టీవీనే మానిటర్‌గా వాడుకునేవాళ్ళకు అంచులు కోసుకుపోయి, అక్షరాల చుట్టూ రంగు మరకలు కనిపిస్తే టీవీ మెనూలో పిక్చర్ సైజు ‘జస్ట్ స్కాన్’ అని గానీ, ఆ హెచ్‌డీఎంఐకి ‘పీసీ’ అని గానీ పెట్టుకోవాలి. మ్యాక్‌బుక్ వాళ్ళు కొనేముందు ఒక్క లెక్క చూసుకోవాలి. ఎం1, ఎం2 చిప్పుల మ్యాక్‌బుక్ ఎయిర్ నేరుగా ఒక్క బయటి మానిటర్‌నే తీసుకుంటుంది. ఎం3 ఎయిర్ మూత మూస్తే రెండు తీసుకుంటుంది. ఎం4 ఎయిర్ మూత తెరిచి ఉన్నా రెండు తీసుకుంటుంది.

ఎక్కడ, ఎంత ఎత్తులో

మానిటర్ మీకు చెయ్యి చాచినంత దూరంలో, తెర పై అంచు కంటి ఎత్తులోనో కాస్త కిందికో ఉండాలి. కిటికీ మీ వెనక ఉంటే తెర మీద వెలుగు పడి కనిపించదు. ముందుంటే కళ్ళలోకి కొడుతుంది. పక్కన ఉండాలి. తెర వెలుతురు గదిలోని తెల్లకాగితం అంత ప్రకాశంగా ఉంటే చాలు. కొత్త మానిటర్లు అంతకన్నా ఎక్కువ ప్రకాశంతో వస్తాయి, తగ్గించండి. ప్రతి 20 నిమిషాలకూ 20 సెకన్లు 20 అడుగుల దూరంలోకి చూడమని కంటి డాక్టర్లు చెబుతారు. మా ఇంట్లో అంత దూరం లేదు కనుక నేను కిటికీలోంచి ఎదురింటి వేపచెట్టును చూస్తాను.

ఎత్తు గురించి ఆ మాట అందరికీ ఒకేలా కుదరదని మాస్టారి దగ్గర తెలుసుకున్నాను. మాకు రెండిళ్ళ అవతల ఉంటారు, తెలుగు పండితులుగా రిటైరయ్యారు. పాత పుస్తకాల స్కాన్లు చూసి వికీసోర్స్‌లో పాఠం సరిదిద్దే పని పెట్టుకున్నారు. అక్కడ ఒక పక్క స్కాను, ఒక పక్క పాఠం వస్తాయి. వాళ్ళబ్బాయి పాత మానిటర్ ఇచ్చి వెళ్తే, నేను వెళ్ళి కలిపి, పుస్తకాల్లో చదివినట్టే కంటి ఎత్తుకు రావాలని దానికింద రెండు పాత టెలిఫోన్ డైరెక్టరీలు పెట్టాను.

పదిరోజుల తర్వాత కబురు చేశారు. “అమ్మాయ్, మెడ పట్టేసింది. ఇది నాకు పడదేమో” అన్నారు. కూర్చుని పని చేయమని చూశాను. ఆయనది దగ్గరచూపు, దూరపుచూపు కలిసిన అద్దం. దగ్గరివి చదవడానికి అద్దం కిందిభాగం వాడాలి కనుక గడ్డం పైకెత్తి చూస్తున్నారు. డైరెక్టరీలు రెండూ తీసేసి, తెరను కాస్త వెనక్కి వాల్చాను. గడ్డం కిందికి దిగింది.

“మాస్టారూ, ఈ మానిటర్ తిరుగుతుంది కూడా” అని పక్కకు తిప్పి నిలువుగా నిలబెట్టి, సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే ఓరియంటేషన్ ‘పోర్ట్రెయిట్’ అని మార్చాను. అన్ని స్టాండులూ ఇలా తిరగవు. తిరిగేదయితే పుస్తకం పేజీకి ఇంతకన్నా మంచి ఆసనం లేదు. ఐపీఎస్ ప్యానెల్ కనుక నిలువుగా పెట్టినా పక్కనుంచి రంగు మారలేదు. స్కాను పేజీ శీర్షిక నుంచి పేజీ అంకె దాకా ఒక్కసారిగా తెర నిండా నిలబడింది. ల్యాప్‌టాప్‌లో టైపు చేసిన పాఠం ఉంచాం.

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఎడమచేతి చూపుడువేలు నిలువు తెర మీద ఒక వరస దగ్గర ఆనించి, “ఇదిగో, పుస్తకంలో ‘కథ’ అనే ఉంది. మనవాళ్ళు ‘కధ’ అని కొట్టారు” అన్నారు. నేను ఇటువైపు తెరలో ధ తీసేసి థ కొట్టాను. ఆయన వేలు కింది వరసకు జరిగింది.